నేను దొంగచాటుగా పెట్టిన ముద్దలు

నేను రిటైరయ్యాక నన్ను చూడ్డానికి వచ్చే కొత్త ఆయాలు, టీచర్లు అందరూ ఒకటే అడుగుతారు. "ఆంటీ, మీ చేతుల మీదుగా ఎంతమంది పిల్లలు బాగుపడ్డారు?" అని. బాగుపడ్డవాళ్ళున్నారు, ఎందుకుండరు! తన చొక్కా తాను తొడుక్కోవడం నేర్చినవాళ్ళున్నారు, దుకాణానికి వెళ్ళి రొట్టె కొనుక్కొచ్చేవాళ్ళున్నారు. నా మూలంగా చెడిన పిల్ల సంగతి మాత్రం ఎవరూ అడగరు. అడగరు గనక నేనే చెప్తాను. ఈ తప్పు చెయ్యడానికి చెడ్డమనసు అక్కర్లేదమ్మా, మంచిమనసు చాలు. అందుకే మిమ్మల్ని ముందుగానే కాస్త భయపెడదామని.

నేను కోనసీమ దాన్ని. భర్త పోయాక మూడేళ్ళ కూతుర్ని మా అమ్మ ఒళ్ళో పెట్టి దుబాయ్ వెళ్ళాను. దుబాయ్ అంటే దుబాయ్ కాదులెండి, మా వైపు ఏ గల్ఫు ఊరైనా దుబాయే. నేను దిగింది తూర్పు తీరంలో, కల్బాకి దగ్గర్లో. రెండేళ్ళు ఒక అరబ్బుల ఇంట్లో వంట చేశాను, పిల్లల్ని చూశాను. అరబ్బీ కూడా వంటింటికి సరిపడా వచ్చింది. అవి ఎనభయ్యో దశకం మొదటి రోజులు. ఆ ఇంటావిడ చెల్లెలు ఇంకొందరు ఆడవాళ్ళతో కలిసి, బుద్ధి ఎదగని పిల్లల కోసం ఒక అద్దె ఇంట్లో చిన్న కేంద్రం తెరిచింది. అప్పట్లో ఆ పిల్లల్ని అందరూ పిలిచిన మాట ఇప్పుడు నోట రాకూడదంటారు, మంచిదే. తొమ్మిది మంది పిల్లలు, ముగ్గురు ఆయాలు, ఒక వ్యాను. "ఇది పిల్లల్ని ప్రాణంగా చూస్తుంది" అని మా కఫీల్‌కి, అంటే నా వీసా పెట్టిన యజమానికి చెప్పి నన్ను అక్కడికి మార్చారు. ఆ మంచిపేరే నా కొంప ముంచింది.

మాకు పని నేర్పడానికి ఈజిప్టు నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. పొడుగు మనిషి, మాట కరుకు. ట్రైనింగు ఆరు నెలలన్నారు. మొదటిరోజే మా ముగ్గుర్నీ నిలబెట్టి, "మీకందరికీ పిల్లల్ని పెంచడం వచ్చు కదా? అది గుమ్మం బయట వదిలి లోపలికి రండి" అంది. నాకు ఒళ్ళు మండింది. కని పెంచినదాన్ని, నువ్వు నాకు చెప్పొచ్చావా అనుకున్నాను. ఆవిడకి పెళ్ళి కాలేదని తెలిశాక మరీ అలుసైపోయింది.

అన్నం తినడం నేర్పడానికి ఆవిడ పద్ధతి నాకు ఒట్టి చాదస్తంగా కనిపించేది. ఆ దేశంలో ఇళ్ళలో చేత్తోనే తింటారు గనక చెంచాల గొడవ లేదు. ముందు పిల్ల చేతి మీద మన చెయ్యి వేసి, ముద్ద చేయించి, నోటిదాకా తీసుకెళ్ళాలి. కొన్నాళ్ళకి అక్కణ్ణుంచి జరిగి మణికట్టు పట్టుకోవాలి. తర్వాత మోచెయ్యి. తర్వాత భుజం మీద ఊరికే ఒక వేలు. ఆఖరికి ఏమీ లేదు, మన చేతులు మన వెనక కట్టుకుని కూర్చోవడమే. అన్నిట్లోకీ ఈ ఆఖరిదే కష్టం అనేది టీచరమ్మ. చేతులు కట్టుకు కూర్చోవడానికి ట్రైనింగెందుకు, అది బద్ధకస్తులకి పుట్టుకతోనే వస్తుంది కదా అని మేం నవ్వుకునేవాళ్ళం. అరగంట టైము. అరగంటలో ఎంత తింటే అంత, తర్వాత ఖలాస్, పళ్ళెం తీసేసి గ్లాసుడు పాలిచ్చి ఊరుకోవాలి. ప్రతి ముద్దకీ ఎక్కడ పట్టుకుని సాయం చేశామో కాగితం మీద గుర్తు పెట్టాలి. ఆ కాగితాలు చూసి రేపటికి ఏం చెయ్యాలో ఆవిడ చెప్పేది.

నాకు అప్పజెప్పిన పిల్లకి పదకొండేళ్ళు. కల్బాలో చేపలు పట్టేవాళ్ళ పిల్ల. తల్లి పురిట్లోనే పోతే నాయనమ్మ సాకింది. పిల్లకి మాట రాదు. నడుస్తుంది, నవ్వుతుంది. కేంద్రంలో ఉన్న పాత ఫ్రిజ్‌కి చెంప ఆనించి, అది గుర్రుమంటుంటే తనలో తాను నవ్వుకునేది. ఆ ఫ్రిజ్ ఆగిపోయినప్పుడల్లా ఎవరో తిట్టినట్టు మొహం చిన్నబుచ్చుకునేది.

చేర్చిన రోజున నాయనమ్మ కూడా వచ్చింది. ఆ ఊళ్ళ ముసలమ్మలు మొహానికి కట్టుకునే రాగిరంగు ముసుగు, దాని వెనక రెండు కళ్ళు. చాప మీద కూర్చుని టీచరమ్మతో చెప్పింది. "దీనికి చదువొద్దు. మాటలొద్దు. పెళ్ళి ఎలాగూ లేదు. నా గుండె బాగోలేదని డాక్టరు చెప్పాడు. నా కొడుకు మళ్ళీ చేసుకున్నాడు. నా కోడలు మంచిదే, దీన్ని కొట్టదు, తిట్టదు. కానీ దానికి నలుగురు పసివాళ్ళు. నేను పోయాక దీని ముందు పళ్ళెం పెట్టి తన పని చూసుకుంటుంది. పెట్టింది ఇది ఎత్తి నోట్లో పెట్టుకుంటే చాలు. ఇంకేం అడగను."

కేంద్రంలో మూడు నెలలు పరీక్ష కాలం. ఆలోగా దారిలో పడితే సీటు నిలుస్తుంది. లేకపోతే బయట వరసలో ఉన్న ఇంకో పిల్లకి ఇస్తారు. కేంద్రంలోనే కాదు, ఇంట్లో కూడా ఎవరూ తినిపించకూడదని టీచరమ్మ షరతు పెట్టింది. ముసలమ్మ ఒప్పుకుంది. పదకొండేళ్ళు తన చేత్తో పెట్టిన మనిషి, ఒక్కమాట ఎదురు చెప్పకుండా తలూపింది.

మొదటి నెలన్నర నేను బుద్ధిగానే చేశాను. పిల్ల చేతి మీద నుంచి మణికట్టుకి, మణికట్టు నుంచి మోచేతికి వచ్చాం. ఒకరోజు మోచెయ్యి కూడా వదిలేస్తే, సగం అన్నం ఒళ్ళో పోసుకుని సగం నోట్లో పెట్టుకుంది. టీచరమ్మ నవ్వగా నేను చూసింది ఆ ఒక్కరోజే. వ్యాను తోలే అబ్బాయి జగిత్యాల వైపు వాడు, నేను తమ్ముడూ అని పిలిచేదాన్ని. అతను సాయంత్రం పిల్లని దింపుతూ ఆ సంగతి ముసలమ్మకి చెబితే, ఆవిడ అతనికి రెండు ఎండుచేపలు కాగితంలో చుట్టి ఇచ్చిందట.

సరిగ్గా ఆ వారమే ఊరి నుంచి ఉత్తరం వచ్చింది. మా అమ్మ పక్కింటి అబ్బాయి చేత రాయించింది. "నీ కూతురు ఇప్పుడు ఎవ్వర్నీ పెట్టనివ్వడం లేదు. కంచం లాక్కుని తనే కలుపుకుని తింటోంది. నువ్వు గుర్తొచ్చి ఏడవడం కూడా మానేసింది. నువ్వు బెంగపెట్టుకోకు" అని. నా ధైర్యం కోసమే రాయించింది పిచ్చితల్లి. నేను ఆ కాగితం పట్టుకుని బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఊరు వదిలిన పొద్దున ఆఖరి ముద్ద నేనే పెట్టాను నా బిడ్డకి. వచ్చాక మళ్ళీ అక్కణ్ణుంచే మొదలుపెట్టొచ్చు అనుకున్నాను కాబోలు. ఐదేళ్ళకే దానికి నా చేతి అవసరం తీరిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆ పిల్ల మూడు ముద్దలు తింది. అరగంట అయిపోయింది, పళ్ళెం తీసేశాను. వ్యాను వచ్చేలోపు పిల్లకి మూతి, చేతులు కడిగే పని నాది. వంటగదిలో మేమిద్దరమే ఉన్నాం. అది వెళ్ళి ఫ్రిజ్‌కి చెంప ఆనించి నా వైపు చూసింది. నా టిఫిన్ డబ్బాలో పప్పన్నం ఉంది, పైన కాస్త నెయ్యి. కలిపి ఒక్క ముద్ద పెట్టాను. ఒక్కటే అనుకున్నాను. అది కళ్ళు మూసుకుని నోరు తెరిచిన తీరు చూస్తే డబ్బా ఖాళీ అయ్యేదాకా నా చెయ్యి ఆగలేదు. "ఆఁ, ఇంకొక్కటి, నా తల్లి కదూ" అంటూ తెలుగులో బతిమాలుతూ పెట్టాను. ఎన్నాళ్ళకో నా కడుపు నిండింది.

ఇక అది రోజూ అయిపోయింది. పొద్దున్నే లేచి రెండో మనిషికి కూడా వండుకునేదాన్ని. ఆ పిల్లకి బుద్ధి ఎదగలేదన్నవాళ్ళు దాన్ని సరిగ్గా చూడలేదు. వారం తిరక్కుండానే లెక్క తెలుసుకుంది. పళ్ళెం ముందున్న అరగంట ఏమీ చెయ్యకుండా కూర్చుంటే చాలు, వెనక వంటగదిలో నెయ్యి ముద్దలు వస్తాయి. నేర్చుకున్నదంతా వదిలేసింది. మోచెయ్యి పట్టుకున్నా చెయ్యి లేపేది కాదు.

ఆ సంగతి నేను అప్పుడే చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేదు. దొంగకి తేలు కుట్టినట్టు నోరు మూసుకుని, కాగితం మీద మాత్రం బాగా తిన్నట్టు గుర్తులు పెట్టాను. టీచరమ్మ తలుపు దగ్గరికి వచ్చి చూసినప్పుడు పిల్ల మోచేతి కింద నా వేలు పెట్టి సన్నగా ఎత్తేదాన్ని. దూరం నుంచి చూస్తే పిల్లే తింటున్నట్టుండేది. నాకు ఆ తెలివితేటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో ప్రభువుకే తెలియాలి. తొమ్మిది మంది పిల్లల మధ్య పరుగులు పెట్టే మనిషి, నా కాగితాలు నమ్మకపోతే దేన్ని నమ్ముతుంది?

ఒకరోజు వ్యాను తమ్ముడు నన్ను గుమ్మం దగ్గర ఆపాడు.

"అక్కా, ముసలమ్మ ఏడ్వవట్టింది. ఇంట్ల పళ్ళెం ముందట పెట్టుకొని ఇద్దరు కూసుంటరట, పిల్ల ముట్టదట. నువ్వు ఈడ పెడ్తున్నవ్ గద? రోజు పిల్ల మూతికాడ నెయ్యి వాసనొస్తది. టీచరమ్మకు చెప్పినవా?"

"నీ వ్యాను సంగతి నువ్వు చూసుకో తమ్ముడూ. ఆకలేసిన పిల్లకి ఇంత అన్నం పెట్టడం కూడా నేరమేనా?"

"నేరమని నేనన్ననా? గా ముసల్దాని మొఖం నువ్వు సూస్తలేవ్, నేను రోజు సూస్తున్న. గంతే" అని వ్యాను ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ మాట నాకు ఎక్కలేదు. పైగా వీడెవడు నాకు చెప్పడానికి అనిపించింది. ఇంతలో ముసలమ్మ టీచరమ్మకి కబురు చేసింది, ఇంట్లో పిల్ల తినడం లేదు, ఒక్కసారి పెట్టనా అని. టీచరమ్మ నా కాగితాలు తిరగేసింది. "ఇక్కడ బాగా తింటోంది, ఇంట్లో మీ దగ్గర మొండికేస్తోంది. మెత్తబడకండి, చెయ్యి చాపకండి" అని జవాబు పంపింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఇప్పటికీ ఆ నిలబడ్డం గుర్తొస్తే నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

మూడు నెలలు నిండిన రోజు వచ్చింది. హాల్లో తివాచీ పరిచారు. కేంద్రం పెట్టిన ఆడవాళ్ళలో ఇద్దరు వచ్చి కూర్చున్నారు. ముసలమ్మ కల్బా నుంచి వ్యానులోనే వచ్చింది. మూడు నెలల్లో బాగా చిక్కిపోయింది, గుమ్మం దాటడానికి వ్యాను తమ్ముడి భుజం పట్టుకుంది. టీచరమ్మ నా కాగితాలన్నీ దారంతో కుట్టి వాళ్ళ ముందు పెట్టి, "చూడండి, ఆఖరి నెలలో దాదాపు సాయం లేకుండా తింటోంది" అంది. ఆవిడ గొంతులో గర్వం వినిపించింది. ఎప్పుడూ పొగడని మనిషి, అందరి ముందూ నన్ను చూపించి "ఈమె కష్టం" అంది. నా తల కొట్టేసినట్టయింది.

పిల్ల ముందు అన్నం, చేప పెట్టారు. నన్ను గోడ దగ్గర నిలబడమన్నారు. పిల్ల పళ్ళెం వంక చూడను కూడా లేదు. హాలంతా కలియజూసింది. నేను కనబడగానే మొహం వెలిగింది. లేచి, అందరి మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చి, నా కుడిచెయ్యి పట్టుకుని వంటగది వైపు లాగింది. నేను కదల్లేదు. అది నా ముందు నిలబడి, కళ్ళు మూసుకుని నోరు తెరిచింది.

చెప్పడానికి ఇంకేం మిగల్లేదు. అర్థంకానివాళ్ళు ఒక్కరూ లేరు. టీచరమ్మ కాగితాల కట్టని తన వైపు లాక్కుంది. ముసలమ్మ మాత్రం నన్నే చూస్తోంది.

"ఎన్నాళ్ళ నుంచి, యా బింతీ?" అని అడిగింది. యా బింతీ అంటే ఓ బిడ్డా అని. తిట్టకుండా బిడ్డా అని పిలిచింది నన్ను.

"నెలన్నర" అన్నాను.

"నెలన్నర నేను ఇంట్లో చేతులు కట్టుకు కూర్చున్నాను. అది ఏడిస్తే నేనూ ఏడ్చాను కానీ చెయ్యి చాపలేదు. ఇక్కడ తింటోందన్నారని, నా దగ్గర గారం పోతోందని, ఒకసారి చేతి మీద కొట్టాను కూడా." ముసుగు కింద నుంచి నీళ్ళు గడ్డం మీదికి కారుతున్నాయి. "తినిపించడం నాకు రాదనుకున్నావా బిడ్డా? పదకొండేళ్ళు నేను చేసింది అదేగా. అందుకే కదా నా దగ్గర్నుంచి తప్పించి నీ దగ్గరికి తెచ్చాను."

ఎన్ని తిట్లు తిట్టినా పడేదాన్ని. ఈ మాట పడలేకపోయాను. ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేసి, దాన్నే ఊతగా పట్టుకుని లేచి, మనవరాలి చెయ్యి అందుకుంది.

ఇంకొక్క నెల ఇమ్మని టీచరమ్మ ఆ ఆడవాళ్ళని బతిమాలింది. వరసలో ఉన్న పిల్లల తల్లులకి ఏం చెప్పమంటావు అన్నారు వాళ్ళు. వాళ్ళదీ తప్పు కాదు. ఆ మధ్యాహ్నమే సీటు ఇంకొకరికి రాసేశారు.

వాళ్ళు వెళ్ళాక టీచరమ్మ వంటగదిలోకి వచ్చింది. "ఈ కాగితాల్లో నిజం ఎంత?" అని అడిగింది. సగం అన్నాను. మళ్ళీ నేనే, సగం కూడా లేదన్నాను.

"నువ్వు తినిపించావని నాకు కోపం లేదు. ఆ సంగతి చెప్పి ఉంటే రెండు వారాల్లో దారిలో పెట్టేవాళ్ళం. నువ్వు అబద్ధం రాశావు. నేను దాన్ని నమ్మి ఆ ముసలామె చేత పిల్లని కొట్టించాను."

"నన్ను పంపించెయ్యండి" అన్నాను.

"నిన్ను పంపిస్తే కొత్తగా వచ్చేది ఇదే తప్పు మొదట్నుంచి చేస్తుంది. నీది అయిపోయింది కదా. యల్లా, ఇక కానీ, గిన్నెలు కడుగు" అంది. ఆ తర్వాత నెల్లాళ్ళు పనికి తప్ప నాతో మాట్లాడలేదు. మిగిలిన ట్రైనింగు మాత్రం ఒక్క పాఠం తగ్గించకుండా నేర్పింది. నాకు వచ్చిన పనంతా ఆవిడ పెట్టిన భిక్షే.

ఆ పిల్ల ఇంటికి వెళ్ళి ముసలమ్మకి సాయం చేస్తానని ఆ మర్నాడే అనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను అని రేపు, ఎల్లుండి అంటూ రెండు నెలలు గడిపేశాను. ఒక పొద్దున వ్యాను తమ్ముడు వచ్చి, "అక్కా, కల్బా ముసలమ్మ పోయిందట. ఇరవై రోజులాయె. నాకే నిన్న ఎర్కైంది" అన్నాడు. సెలవు రోజు శుక్రవారం, జుమ్మా. అతన్నే అడిగి వ్యానులో కల్బా వెళ్ళాను.

సముద్రం ఎదుట చిన్న ఇల్లు. వాకిట్లో వలలు ఆరేసి ఉన్నాయి. కోడలు చంకలో ఒక పిల్లాడితో, కాళ్ళకి చుట్టుకున్న ఇంకొకడితో బయటికొచ్చింది. ముసలమ్మ చెప్పింది అక్షరాలా నిజం, చెడ్డమనిషి కాదు. "పెడతాను, ముట్టదు. నాకు తీరికైనప్పుడు నాలుగు ముద్దలు నోట్లో పెడతాను. నా పిల్లలు నన్ను కూర్చోనిస్తేగా" అంది, సిగ్గుపడుతూ.

లోపల గోడ వార పిల్ల కూర్చుని ఉంది. ముందు పళ్ళెం, అందులో పొద్దుటి అన్నం గట్టిపడి ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి. నన్ను చూసి గుర్తుపట్టింది. మాట లేని పిల్ల ఎలా చెప్తుంది గుర్తుపట్టానని? కళ్ళు మూసుకుని నోరు తెరిచింది.

నేర్చుకున్న పని గుర్తుతెచ్చుకున్నాను. పక్కన కూర్చుని, దాని చేతి మీద నా చెయ్యి వేసి, ముద్ద చేయించబోయాను. ఆ చేతిలో బలం లేదు. చెయ్యి లాక్కుని ఏడుపు మొదలుపెట్టింది, నోరు అలా తెరుచుకునే ఉంది. చెప్పండమ్మా, మీరైతే ఏం చేస్తారు? కొత్త అన్నం అడిగి తీసుకుని, కలిపి, తినిపించాను. తప్పని తెలిసే తినిపించాను.

పళ్ళెం ఖాళీ అయ్యాక కోడలు పెద్ద బరువు దిగినట్టు నిట్టూర్చింది. "నీ చేత్తో ఎంత బాగా తింది! వచ్చే జుమ్మాకి కూడా వస్తావా?"

వస్తానన్నాను. ఆ పిల్ల ఉన్నన్నాళ్ళూ వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ మొదట్నుంచి నేర్పబోయి, సగం నేర్పి సగం తినిపించి వచ్చేదాన్ని. ఎండలు ముదిరే రోజుల్లో జ్వరం వచ్చి పోయింది, తట్టుకోవడానికి ఆ ఒంట్లో ఏమీ మిగల్లేదు. నేను వెళ్ళింది వారానికి ఒక్కరోజు. దానికి ఆకలి రోజూ వేసేది.